కేజీకి అరలీటరు

పొందూరులో మా సంఘానికి ఈస్టరు బల్లారాధన ద్రాక్షరసం తీసే పని పెద్దమ్మది. వరసకు మాకేమీ కాదు గానీ సంఘంలో పిల్లలందరికీ ఆవిడ పెద్దమ్మే. ముందురోజు శ్రీకాకుళం బజారు నుంచి నల్లద్రాక్ష వచ్చేది. గింజలేని రకం తెస్తే ఒప్పుకునేది కాదు. బెంగుళూరు ద్రాక్షే కావాలి, రంగూ వాసనా ఆ మందపు తొక్కలోనే ఉంటాయనేది.

లెక్క రాసేది నేను. మనిషికి మూడు చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు. 150 మందికి రెండుంపావు లీటర్లు.

"అయిదు కేజీలు తూయించు. కేజీకి అరలీటరనే రాసుకో. పైనొచ్చింది లెక్కలో ఎయ్యకు" అనేది.

కాడలు తీసి, కడిగి, ఆరబెట్టి చేత్తోనే చిదిమేవాళ్లం. మిక్సీలో వేస్తే గింజ నలిగి రసం చేదెక్కుతుంది. పచ్చిగా పిండితే కేజీకి అరలీటరు రావడమే గొప్ప. చుక్క నీళ్లు పోయకుండా సన్నసెగన వెచ్చచేస్తే తొక్క మెత్తబడి, రంగు దిగి, ఆరు వందల మిల్లీలీటర్లు దాటుతుంది. వడకట్టడానికి పాత పొందూరు ఖాదీ పంచె ముక్క. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి, చేత్తో వడికిన సన్ననూలు. గుజ్జును ఆపి రసాన్ని వదిలేది. మూట కట్టి వేలాడదీసి, ధార ఆగాక మెలిపెట్టి పిండేవాళ్లం. చివర్లో పెద్దమ్మ ఒక తొక్క తీసి వేళ్ల మధ్య నొక్కి చూసేది. తడి తగలకపోతేనే మూట విప్పనిచ్చేది.

ఆ రసాన్ని అంచుల్లో బుడగలు లేచేదాకా మళ్లీ కాచి, వేడిమీదే సీసాల్లో నింపి బిగించేది. లేకపోతే తొక్కమీది ఈస్టు చక్కెరను తిని రసాన్ని పులియబెడుతుంది. అమెరికాలో థామస్ వెల్చ్ 1869లో ఇలాగే కాచి, తమ చర్చి బల్లకు పులియని రసం తయారుచేశాడని పెద్దయ్యాక చదివాను. పెద్దమ్మ వంటింట్లో జరిగిందీ అదే పని.

లెక్కలో వెయ్యని ఆ పైరసం ఎక్కడికి పోయేదో ఆరాధన ముగిశాక తెలిసేది. మంచం పట్టినవాళ్లు, కొత్త బాలింతలు, మందిరందాకా నడవలేని ముసలివాళ్ల ఇళ్లకు పాస్టరుగారి వెంట ఆ సీసా వెళ్లేది. ఇప్పుడు ఆ పని నా చేతికొచ్చింది. ఎంత రసమొచ్చినా కేజీకి అరలీటరనే రాస్తాను. మిగతాది వాళ్ల వాటా.