పంటు పట్టేవాడు

ఆటల గురించి నేను రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. నవలల్లో కథానాయకుడి చేత టెన్నిస్ ఆడించడం తప్ప (అదీ తెల్లబట్టల్లో బావుంటాడని) ఏ ఆటతోనూ నాకు పరిచయం లేదు. అలాంటిదాన్ని, 2023 ఆఖర్న నాలుగు నెలలపాటు అమెరికాలో మా చెల్లెలింట్లో కూచుని, ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో పంట్ పట్టడానికి ఎవర్ని నిలబెట్టాలా అని, ఇంటి ఆడపిల్లకి సంబంధం చూస్తున్నంత శ్రద్ధగా ఆలోచించాను.

పంటు అంటే మా గోదావరి జిల్లాల్లో రేవు దాటించేది. నర్సాపురం రేవులో మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ ఒకేసారి ఎక్కించుకుని అవతల సఖినేటిపల్లి గట్టుకి చేర్చే వెడల్పాటి పడవ. అంచేత మా చెల్లెలి కొడుకు టీవీ ముందు జుట్టు పీక్కుంటూ "పంట్ వదిలేశాడు దొడ్డమ్మా!" అని అరిచినప్పుడు, అయ్యో, రేవులో మిగిలిపోయినవాళ్ళ గతేమిటా అనుకున్నాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఓపిక పట్టండి. వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. బంతి గుండ్రంగా వుండదు. పీచు తీయని కొబ్బరికాయని రెండు కొసలా చెక్కినట్టు, 11 అంగుళాల పొడుగు, 400 గ్రాముల బరువు వుంటుంది. బంతి చేతిలో వున్న జట్టుకి పది గజాలు ముందుకి జరగడానికి నాలుగు అవకాశాలిస్తారు. మూడింటిలో జరగలేకపోతే, నాలుగోదీ పోగొట్టుకుని బంతిని వున్నచోటే అవతలివాళ్ళకి అప్పజెప్పడమెందుకని, ఒకడు దాన్ని ఎంత దూరం పోతే అంత దూరం ఎత్తి తంతాడు. అదే పంట్. అల్లంత దూరాన దాన్ని పట్టుకోడానికి ఒకడు ఒంటరిగా నిలబడి వుంటాడు. నా గోలంతా ఆ ఒంటరివాడి గురించే.

మంచి పంట్ నాలుగు సెకన్ల పైన గాల్లో వుంటుంది. అంతసేపూ అతను తలెత్తి ఆకాశంలోకి చూస్తూ వుండాలి. తనమీదికి పరిగెత్తుకొస్తున్నవాళ్ళ అడుగుల చప్పుడు వినపడుతున్నా తల దించకూడదు. బంతి కిందికి వచ్చేలోగా మూడింటిలో ఒకటి నిశ్చయించుకోవాలి. పట్టుకుని పరిగెత్తడం ఒకటి. చెయ్యి తలపైకెత్తి వూపి, "నేను పరిగెత్తను, పట్టుకుని వూరుకుంటాను" అని ముందే చెప్పెయ్యడం రెండోది. దాన్ని ఫెయిర్ క్యాచ్ అంటారు. అలా చెప్పినవాణ్ణి పట్టనివ్వాలి, మీద పడకూడదు. బంతీ పట్టినచోటే ఆగిపోతుంది. మూడోది, అసలు దాని జోలికి పోకుండా తప్పుకోవడం. మనవాళ్ళెవరూ ముట్టుకోనంతవరకూ అవతలివాళ్ళు ఆ బంతిని ఆపగలరే గాని సొంతం చేసుకోలేరు. ముట్టుకుని జార్చామా, ఎవరు ముందు మీదపడితే వాళ్ళదే. మా బామ్మ మడి లాంటి నియమం. ముట్టుకుంటేనే తంటా.

ఒక శనివారం మా మరిది అందర్నీ ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియానికి తీసికెళ్ళాడు. 1,07,601 మంది పట్టే చోటు. నా పక్కన ఒళ్ళో కంబళి వేసుకుని ఒక పెద్దావిడ కూచుంది. పెళ్ళయిన కొత్తల్లో భర్తతో వచ్చేదట, ఇప్పుడు ఒక్కతే వస్తోంది. ఆటలో ఒకసారి మిషిగన్ కుర్రాడు చెయ్యి పైకెత్తి, బంతి పట్టుకుని, అక్కడే ఆగిపోయాడు. జనమంతా తినడానికేదో తెచ్చుకోడానికి లేచారు. ఈవిడ ఒక్కతే చేతికున్న వూలు తొడుగులు తీసేసి మరీ చప్పట్లు కొట్టింది.

"ఏమీ జరగలేదు గదండీ?" అన్నాను.

"అందుకే" అంది.

నాకు మా మేనత్త గుర్తొచ్చింది. మా ఇళ్ళల్లో ఎవరి పెళ్ళయినా నగలపెట్టె ఆవిడ చేతికే ఇచ్చేవారు. ఆవిడకంటే తెలివైనవాళ్ళూ, చలాకీగా పందిరంతా తిరిగేవాళ్ళూ, మగపెళ్ళివారిని మాటల్లో పెట్టి బుట్టలో వేసేవాళ్ళూ బోలెడుమంది వుండేవారు. పెట్టె మాత్రం ఆవిడకే. తలంబ్రాలవేళ అందరూ మంటపం చుట్టూ మూగితే ఆవిడ గదిలో పెట్టె మీద చెయ్యేసుకుని కూచునేది. మా ఇంట్లో పదకొండు పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లున్నాయి. ఒక్క తలంబ్రాల ఫోటోలోనూ ఆవిడ లేదు. ఒక్క నగా పోలేదు కూడా, కాని ఆ సంగతి ఆల్బమ్‌లో కనపడదు కదా.

మరి అలాంటివాణ్ణి కోచ్‌లు ఎలా ఏరుకుంటారు? చిన్నా (మా చెల్లెలి కొడుకుని ఇంట్లో అలాగే పిలుస్తాం) నన్ను పెరట్లో నిలబెట్టి పాఠం చెప్పాడు. తన్నిన బంతి గాల్లో ముక్కు వాల్చి తిరిగితే అనుకున్నదానికంటే దూరం పోతుంది, వెనక్కి జరగాలి. ముక్కు వాలకుండా పైకే చూస్తూ వుంటే చటుక్కున ముందే పడిపోతుంది, పరిగెత్తుకురావాలి. ఎడంకాలితో తన్నేవాడి బంతి రెండోవైపుకి తిరుగుతుంది; కుడికాలి బంతులకి అలవాటుపడ్డ చేతులకి అది చిక్కదు. పైన గాలి, కళ్ళల్లో ఎండ. ఇవి చాలవన్నట్టు ఈమధ్య ఆస్ట్రేలియా నుంచి కుర్రాళ్ళొచ్చి అమెరికా కాలేజీల్లో పంట్‌లు తన్నుతున్నారు. వాళ్ళ దేశపు ఆటలో చిన్నప్పట్నుంచీ పరిగెడుతూ తన్నడం అలవాటు. వాళ్ళు తన్నిన బంతి ఎటు వంకరపోతుందో, నేలమీద పడి ఎటు గెంతుతుందో చెప్పడం కష్టమట. కాళ్ళలో వేగం చూసేది వీటన్నిటి తర్వాతే.

సాధనలో ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. ఒక బంతి చంకలో ఇరికించుకుని రెండో బంతి పట్టమంటారు. అదొస్తే రెండూ పెట్టుకుని మూడోది. చేతులు చాస్తే కుదరదు, ఒళ్ళంతా బంతి కిందికి తెచ్చుకోవాలి. చంకలో పిల్ల, చేతిలో పాలగిన్నె, చెవికీ భుజానికీ మధ్య టెలిఫోను, గుమ్మంలో కూరలబ్బాయి... మనం ఏ కోచూ లేకుండానే నేర్చుకున్నాం కదండీ!

ఇంకొక నియమం వుంది. సొంత గోల్ గీతకి పది గజాల దూరంలో మడమలు ఆనించి నిలబడు, వెనక్కి అడుగు వెయ్యాల్సి వస్తే ఆ బంతి వదిలెయ్ అని. వదిలేస్తే అది దొర్లుకుంటూ గోల్ గీత దాటే వీలుంది, అప్పుడు ఊరికే 20 గజాల గీత దాకా తెచ్చి మన చేతికిస్తారు. ఆశపడకపోతే లాభం. కాని 1959 అక్టోబరు 31 రాత్రి లూసియానాలోని బాటన్ రూజ్‌లో, బిల్లీ కానన్ అనే ఆటగాడు తన 11వ గజం దగ్గర ఒక గెంతు గెంతి వచ్చిన బంతిని అందుకుని, మీదపడ్డవాళ్ళని విదిలించుకుంటూ 89 గజాలు పరిగెత్తాడు. ఎల్.ఎస్.యు. జట్టు 7-3తో మిసిసిపీని గెలిచింది. ఆ ఏడు కాలేజీ ఆటగాళ్ళలోకెల్లా గొప్పవాడికిచ్చే హైస్మన్ బహుమతి అతనికే దక్కింది. మిషిగన్‌లోనూ అంతే. 1991లో డెస్మండ్ హోవర్డ్ ఒహాయో స్టేట్ మీద 93 గజాలు, 1997లో చార్లెస్ వుడ్సన్ అదే జట్టు మీద 78 గజాలు. ఇద్దరికీ ఆయా సంవత్సరాల్లో అదే బహుమతి. చిన్నా గది గోడమీద వుడ్సన్ బొమ్మ వుంది. చెయ్యెత్తి ఫెయిర్ క్యాచ్ పట్టినవాడి బొమ్మ అమ్మే దుకాణం మాత్రం నాకెక్కడా కనపడలేదు.

అంచేత చిన్నా వాదన, వేగంగా పరిగెత్తేవాణ్ణే నిలబెట్టాలని. "ఒకటి రెండు జారితే జారనీ నాన్నా, ఒక్కటి చిక్కితే ఆట మనదే" అంటాడు. మా మరిది వాదన, పరుగు రాకపోయినా ఫర్వాలేదు, జార్చనివాడు కావాలని. రోజూ భోజనాల దగ్గర ఇదే రభస. వారం తిరక్కుండానే నాకర్థమైంది, వీళ్ళు పోట్లాడుకుంటున్నది బంతి గురించి కాదని.

కిందటి చలికాలం చిన్నా కారు మంచుమీద జారి ఎదురింటివాళ్ళ పోస్టుపెట్టెని కూలదోసింది. మనిషికేమీ కాలేదు. పెట్టె డబ్బు వాడే తన పార్ట్‌టైమ్ జీతంలోంచి కట్టుకున్నాడు. అయినా ఆనాటినుంచీ మంచు కురిస్తే మా మరిది తాళంచెవి ఇవ్వడు. ఇరవయ్యేళ్ళ పిల్లాడు బస్సుకోసం చలిలో నిలబడతాడు గాని అడగడు. ఇద్దరూ ఇద్దరే. మధ్యన మా చెల్లెలు నలిగిపోతోంది. వచ్చిన చిక్కేమిటంటే, జనవరి 12న అమ్మకీ నాకూ తిరుగు ప్రయాణం. ఆ రోజు మా మరిదికి సెలవు దొరకదు, మా చెల్లెలు మంచులో కారు నడపలేదు. అమ్మకి డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు వంగవు. "ముక్కూ మొహం తెలీనివాడి టాక్సీ ఎక్కను, నా మనవడే దింపాలి" అని కూచుంది. మా మరిది వూ అనడు, వూహూ అనడు.

ఈలోగా జనవరి ఒకటి వచ్చింది. 2024. పాసడేనాలో రోజ్ బౌల్ ఆట, మిషిగన్‌కీ అలబామాకీ. అలబామా తరఫున తన్నిన జేమ్స్ బర్నిప్ ఆస్ట్రేలియా కుర్రాడే. మొదట్లోనే బంతి పట్టడానికి నిలబడ్డది సెమాజ్ మోర్గన్. కాలేజీలో మొదటి ఏడాది, మెరుపులాంటి పరుగు. చిన్నా పక్షమన్నమాట. బంతి చేతుల్లో పడి జారింది. అలబామా అందుకుంది, కాసేపట్లోనే టచ్‌డౌన్ చేసింది.

"చూశావుగా" అన్నాడు మా మరిది, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. చిన్నా మాట్లాడలేదు.

ఆట ఆఖరి నిమిషం. 20-20. ఈసారి నిలబడ్డది జేక్ థా. కొన్నేళ్ళుగా జట్టులో వున్నవాడు, నమ్మకస్తుడని పేరు, మా మరిది పక్షం మనిషి. బంతి ఎక్కడో గోల్ గీతకి దగ్గర్లో దిగుతోంది. పది గజాల నియమం ప్రకారం వదిలెయ్యాల్సిన బంతి. అతను చేతులు చాచాడు. జారింది. జారి వెనక్కి, గోల్ గీత వైపే దొర్లింది. అది అలబామాకి చిక్కితే ఆట అయిపోయినట్టే. అతనే వెంటపడి పట్టుకుని, గీతకి ఒక్క గజం ఇవతల కూలబడ్డాడు.

గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. అమ్మ మాత్రం, "ఒరే, ఆ పిల్లాడికెవరైనా కాసిని మంచినీళ్ళివ్వండిరా" అంది.

అదనపు సమయంలో మిషిగన్ 27-20తో గెలిచింది. సరిగ్గా వారానికి, జనవరి 8న హ్యూస్టన్‌లో వాషింగ్టన్ మీద 34-13తో గెలిచి దేశానికే ఛాంపియన్ అయింది. గెలిచారు గనక సరిపోయింది. ఓడివుంటే ఆ ఇద్దరు పిల్లల్నీ ఎంతెంత మాటలనేవారో! పరిగెత్తేవాడూ జార్చాడు, జార్చడనుకున్నవాడూ జార్చాడు. కోచ్ అన్నవాడు ఇంకెవర్ని తెచ్చి నిలబెడతాడు? నాకు తోచిందేమిటంటే, జారకముందు ఎంతమందిని పరీక్షించినా సగమే తెలుస్తుంది. జారిన బంతి వైపు అందరికంటే ముందు తిరిగింది ఆ థా అనే కుర్రాడే. మొహం చేతుల్లో పెట్టుకోలేదు, ఎవరివైపూ చూడలేదు.

మర్నాడు రాత్రి మా మరిదికి పెరుగు వడ్డిస్తూ, "పోస్టుపెట్టె పడిపోయిన రాత్రి చిన్నా ముందు ఇంటికొచ్చాడా, ఎదురింటికెళ్ళాడా మరిదిగారూ?" అని అడిగాను. సంగతి నాకు తెలుసు, మా చెల్లెలు చెప్పింది. ఆ అర్ధరాత్రి చలిలో వాడు మొదట వెళ్ళి కొట్టింది ఎదురింటి తలుపే.

"ఎదురింటికే వదినగారూ" అన్నాడు ఆయన. ఇంకేమీ అనలేదు. ఆవకాయ కలుపుకున్నాడు.

11వ తేదీ సాయంత్రం ఆయన చలికోటు వేసుకుని బయటికెళ్ళి, నాలుగు టైర్లలోనూ గాలి చూసి, డిక్కీలో ఒక పార, ఒక కంబళి, బిస్కెట్ పొట్లాలు పెట్టి వచ్చాడు. తాళంచెవి వంటింటి బల్లమీద చిన్నా కంచం పక్కన పెట్టి, గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. మా చెల్లెలు నావైపు చూసింది. నేను పప్పు గిన్నెకేసి చూశాను.

మర్నాడు మంచు పడుతోంది. విమానాశ్రయం పాతిక మైళ్ళు. చిన్నా ఎంత నెమ్మదిగా నడిపాడంటే, మా వూళ్ళో ఎడ్లబండి కూడా దాటిపోయేది. అమ్మ వెనక సీట్లో మఫ్లరు చుట్టుకుని నిశ్చింతగా నిద్రపోయింది. ఒక కూడలి దగ్గర పచ్చదీపం పసుపుకి మారింది. గట్టిగా తొక్కితే దాటిపోవచ్చు. వాడు ఆపేశాడు. వెనక లారీవాడు చెవులు చిల్లులుపడేట్టు హారన్ కొట్టాడు.

చిన్నా నావైపు చూసి నవ్వి, ఒక చెయ్యి తలపైకెత్తి వూపుతూ, "ఫెయిర్ క్యాచ్ దొడ్డమ్మా!" అన్నాడు.

"సంతోషం నాయనా, చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టు" అన్నాను.