రేడియేషన్ ముగిసిన తర్వాత

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మా అమ్మీ ఐదు వారాల్లో 25 సార్లు రేడియేషన్ తీసుకున్నారు. మూడవ వారంలో విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ ముందే చెప్పినదే గనుక కంగారుపడలేదు. ఓఆర్‌ఎస్‌తో, మాత్రలతో గడిచి, చికిత్స ముగిసిన కొన్ని వారాలకు తగ్గిపోయాయి.

ఏడాది తర్వాత వచ్చిన కష్టాన్ని మాత్రం ఆమె మా అక్కాచెల్లెళ్ళ వద్ద దాచారు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానారు. బస్సెక్కవలసిన రోజు ఉదయం నుంచి ఏమీ ముట్టేవారు కాదు. చివరకు ముసల్లా పరవడమే తగ్గిపోయింది. గుచ్చి అడిగితే, "వుజూ చేసుకుని లేచేలోపే పోతోందమ్మా. ఈ ఒంటితో అల్లాహ్ ముందు ఎలా నిలబడను?" అన్నారు. వ్యాధి పేరు విన్ననాడు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

గర్భాశయానికి వెనుకనే మలాశయం ఉన్నందున కిరణాల తాకిడి దానికీ తప్పదనీ, గోడ బిరుసెక్కి సాగే గుణం తగ్గితే కొద్దిపాటి మలాన్ని కూడా ఆపలేదనీ డాక్టరమ్మ వివరించారు. ఇది ఏళ్ళ తర్వాత కూడా బయటపడవచ్చట. కొందరిలో పైత్యరసం పేగులో తిరిగి ఇంకక విరేచనాలవుతాయి. దానికి మందు వేరు. రక్తం పడితే మొలలనుకుని సొంత వైద్యం చేసుకోరాదు.

తిన్నదీ, వెళ్ళినదీ రెండు వారాలు పుస్తకంలో రాశాం. అమ్మీకి పడనివి పాల చాయ్, కారపు సాలన్ అని తేలింది. మరొకరికి మరొకటి కావచ్చు. మలద్వార కండరాలను బిగించి వదిలే వ్యాయామం ఫలితం చూపడానికి నెలలు పట్టింది. ప్రయాణానికి ముందు డాక్టరమ్మ చెప్పిన మోతాదులో లోపరమైడ్, సంచిలో ఒక జత సల్వార్, ప్యాడ్లు. కడుక్కున్నాక రుద్దకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ లేపనం.

నమాజు సంగతి ఇమామ్ సాహెబ్‌ను అడగడానికి అబ్బా మొహమాటపడ్డారు. పెద్దక్క అడిగింది. ఇటువంటి మాటలు ఇళ్ళలోనే అణగిపోవడాన్ని హయా అనడం మాకు సమ్మతం కాదు. ఆయన ఏమాత్రం తడబడక, "వుజూ, ఫర్జ్ నమాజు పూర్తయ్యేంత విరామం ఆ వేళలో దొరుకుతుందా?" అని అడిగారు. దొరికితే ఆ విరామంలో చేయాలి. ఒక నమాజు వేళ మొత్తంలో అదీ దొరకకపోతే హనఫీ ఫిఖ్హ్‌లో ఆమె మాజూర్. వేళ ప్రవేశించాక వుజూ చేసుకుంటే, ఈ కారణంతో అది ఆ వేళ ముగిసేవరకు భంగం కాదు. ఆగని రక్తస్రావంతో బాధపడిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) గారిని దైవప్రవక్త (స) నమాజు మానమనలేదనీ, ప్రతి నమాజుకు వుజూ చేసుకోమన్నారనీ గుర్తుచేశారు.

మొన్నటి రమజాన్‌లో అమ్మీ రోజాలు అన్నీ ఉండలేకపోయారు. తరావీహ్ మాత్రం స్నానాల గది తలుపుకు దగ్గరగా ముసల్లా పరచుకుని చేశారు.