అన్నవరం నుంచి ఆనర్సుకి

మా ఊళ్ళో కొత్త పెళ్ళికూతుళ్ళకి కొదవలేదు. పసుపు బట్టల్లో, కొంగుముడి కూడా విప్పకుండా కార్లు దిగి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండెక్కుతుంటారు. పెళ్ళంటే అన్నవరంలో వ్రతం చేయించాల్సిందే కదా. రోజూ ఇన్ని జంటల్ని చూసే ఊళ్ళో ఇంటర్ పాసైన పిల్ల "నాలుగేళ్ళ డిగ్రీ చదువుతాను" అంటే ఇంట్లో వెంటనే వేళ్ళు మడిచి లెక్కపెడతారు. మా మేనకోడలు ఆ మాట అన్నప్పుడు మా అక్కా అదే చేసింది.

"మూడేళ్ళది ఉండగా నాలుగేళ్ళదేంట్రా? పైగా కాకినాడ. ఇక్కడ తునిలో కాలేజీ లేదా?"

అది 2023. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చిన ఏడు. అంతకుముందులా మూడు సబ్జెక్టుల గ్రూపు కాదు. ఒకటే మేజరు, దానికి తోడు ఒక మైనరు. డిగ్రీ పేరులో మొదటి నుంచే ఆనర్స్ అని ఉంటుంది. మా మేనకోడలు కెమిస్ట్రీ మేజర్ ఎంచుకుని, వెబ్ ఆప్షన్లలో కాకినాడలోని పిఠాపురం రాజావారి కాలేజీని మొదట పెట్టింది. సీటు అక్కడే వచ్చింది. బావకి కొండ కింద పూజాసామాను కొట్టు; శ్రావణమాసం ముందు కదలడానికి వీల్లేదు. మేనమామని ఉన్నాను కదా, ఫైలు నా చంకలో పెట్టారు. టీసీ, ఇంటర్ మార్కుల మెమో, స్టడీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, అన్నిటికీ జిరాక్సు సెట్లు. అక్క వాటి మీద ప్రసాదం పొట్లం పెట్టబోతే పిల్ల కెవ్వుమంది. నెయ్యి కారి మెమోకి అంటుకుంటే ఇంకేమన్నా ఉందా! పొట్లం నా చొక్కా జేబులోకి మారింది.

కాకినాడ బస్సు ఎక్కాం. కత్తిపూడి దగ్గర పెద్ద హైవే వదిలి ఒంగోలు వైపు వెళ్ళే 216 రోడ్డులోకి తిరిగితే అక్కణ్ణించి కాకినాడ దాకా ఊరు వెనక ఊరు. చేబ్రోలు, గొల్లప్రోలు, పిఠాపురం. పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఫోనులో సిలబస్ చూస్తోంది.

"మావయ్యా, మొదటి సెమిస్టర్లో అచ్చంగా కెమిస్ట్రీ ఉండదంట తెలుసా? లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ అన్నీ కలిపిన పేపర్లు రెండు. అసలు మేజరు రెండో సెమిస్టర్ నుంచి."

"మరి ఈలోపు?"

"ఈలోపు మైనరు ఏది తీసుకోవాలో ఆలోచించుకోవాలి. అదీ అప్పుడే మొదలు."

మా తాతగారి తరంలో ఆనర్సు అంటే ఊళ్ళో ఒకరో ఇద్దరో. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టాక, రాధాకృష్ణన్‌గారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, ఆనర్సు చదవాలంటే వాల్తేరు పోవాలి. చదివొచ్చినవాళ్ళు ఇంటి బోర్డు మీద పేరు పక్కన బి.ఏ. తర్వాత ఆనర్సు అని ప్రత్యేకంగా రాయించుకునేవారు. ఇప్పుడు ఆర్టీసీ బస్సులో నా పక్కన కూర్చున్న పిల్ల అదే మాట హాల్‌టికెట్ నెంబరు చెప్పినంత తేలిగ్గా అంటోంది. నాకైతే ఇదే బాగుందనిపించింది.

మేం వెళ్ళిన కాలేజీ 1852లో స్కూలుగా మొదలై 1884లో కాలేజీ అయింది. పిఠాపురం సంస్థానం అండతో పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉండి, ఆడపిల్లల్ని మగపిల్లల పక్కన కూర్చోబెట్టి చదివించారు. కవి కృష్ణశాస్త్రి చదివిందీ ఇక్కడే. ఆవేళ అడ్మిషన్ల వరసలో సగానికి పైగా అమ్మాయిలే. వాళ్ళ వెనకాల ఫైళ్ళు పట్టుకుని నాలాంటి మావయ్యలు, నాన్నలు, ఒకళ్ళిద్దరు అమ్మమ్మలు.

కాగితాలు చూసిన మేడమ్‌ని, మూడేళ్ళది ఉండగా నాలుగేళ్ళదేంటన్న అక్క ప్రశ్నే అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. పాత అప్లికేషన్ వెనకవైపు తిప్పి, పెన్నుతో మూడు గీతలు గీసి, కాస్త ఎడంగా నాలుగోది గీశారు.

"మూడేళ్ళయ్యాక డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోవచ్చండి. అక్కడికి నూట ఇరవై క్రెడిట్లు. నాలుగో ఏడు కూడా ఉంటే నూట అరవై, అప్పుడు ఆనర్సు. ఉండాలా వద్దా అన్నది మూడో ఏడు చివర పిల్ల ఇష్టం. ఇప్పుడు మీరేం సంతకం పెట్టక్కర్లేదు."

ఆరు సెమిస్టర్లలో డెబ్భై అయిదు శాతం తెచ్చుకుంటే నాలుగో ఏడు పరిశోధన కూడా చెయ్యొచ్చని, నాలుగేళ్ళూ చదివినవాళ్ళకి పీజీ రెండేళ్ళు కాక ఒక ఏడాదితో సరిపోయే దారి ఉందని చెప్పారు. మరుసటేడు యూజీసీ, నాలుగేళ్ళ డిగ్రీలో డెబ్భై అయిదు శాతం తెచ్చుకున్నవాళ్ళని నెట్ పరీక్ష కూడా రాయనిచ్చింది. అంటే అక్క భయపడ్డ ఆ ఏడాది ఎక్కడికీ పోదు, పీజీలోంచి తగ్గుతుంది. మధ్యలో ఇంటర్న్‌షిప్పులు మాత్రం ఎవరికీ తప్పవన్నారు మేడమ్. మొదటేడు అయ్యాక ఊళ్ళో సర్వే లాంటి సామాజిక సేవా ప్రాజెక్టు, ఆ తర్వాత కంపెనీల్లో.

బయటికొచ్చాక నా అభిప్రాయం నేను చెప్పాను. ఆనర్స్ అన్న పేరు ఇప్పుడు ప్రతి కాలేజీ బోర్డు మీదా ఉంది. నాలుగో ఏడు నలుగురు పిల్లలే మిగిలినా ల్యాబు తలుపు తెరిచి పాఠం చెప్పే మనుషులు ఎక్కడున్నారన్నదే చూడాలి. దానికోసం యాభై కిలోమీటర్లు దూరమేమీ కాదు.

ఆకలి దంచేస్తోంది. సుబ్బయ్య హోటల్లో భోజనం చేశాం. వడ్డించేవాడు వద్దన్నా వినకుండా నెయ్యి పోస్తుంటే పిల్ల ఫైలు ఒళ్ళోంచి తీసి పక్క కుర్చీలో పెట్టింది.

ఇక మిగిలింది హాస్టలా, రోజూ అప్పూ డౌనా అన్నది. డిగ్రీ పిల్లల తిండికీ బసకీ ప్రభుత్వం అప్పట్లో వసతి దీవెన కింద ఏడాదికి 20,000 రూపాయలు ఇచ్చేది; కానీ డబ్బులు పడేదాకా ముందు మనమే కట్టుకోవాల్సి వచ్చేది. తిరుగు బస్సులో అక్కకి ఫోన్ చేసి గీతల సంగతంతా చెప్పాను. అంతా విని, "సరే, పెళ్ళి సంగతి మూడో ఏడు చూద్దాంలే" అంది.

పిల్ల నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, మూడో ఏడు నా ఇష్టం అన్నారు మేడమ్. ముందు బస్ పాస్‌కి ఫొటోలు తీయించాలి, నాన్నని కొట్టు తొందరగా కట్టేయమను."