లైటార్పి చూడాల్సిన సినిమాలు

నవంబర్ 1, 2024, శుక్రవారం. బి.కొత్తకోట

దీపావళి బట్టల పని నిన్నటితో తీరింది. ఇంక కార్తీక మాసం చీరలకు ఫాల్ కుట్టడం, పీకో చేయడం తప్ప మిషన్ మీద పెద్ద పనేం లేదు. పొద్దున అన్న కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "అత్తా, నువ్వు చూసిన వాట్లో నీకు బాగా బయమేసిన సినిమాలు ఐదు చెప్పు. మా రూములో అందరం కలిసి చూస్తాం. ఇంగ్లీషువి వద్దు, మన పక్కవే చెప్పు" అనింది.

పేర్లయితే అప్పుడే చెప్పేదాన్ని. కానీ దెయ్యం సినిమా అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఎవరైనా అడిగితే మాటవరసకు నాలుగు పేర్లు చెప్పి వదిలేయడం నాకు చేతకాదు. ఎందుకు భయపడ్డానో కూడా చెప్పాలి. అందుకని ఈ నెలంతా రాత్రిపూట ఒక్కొక్కటీ మళ్లీ చూసి ఇందులో రాసుకుంటాను. నవ్వించే దెయ్యాలు మాత్రం లెక్కలోకి రావు.

నవంబర్ 3, ఆదివారం

'రాత్రి' చూశాను. 1992లో రాంగోపాల్ వర్మ తెలుగులోనూ హిందీలోనూ తీశాడు. 'శివ', 'క్షణక్షణం' తీసి పేరు తెచ్చుకున్న మనిషి, పెద్ద హీరో లేకుండా, రేవతిని పెట్టుకుని దెయ్యం సినిమాకు దిగాడు. ఆ ధైర్యానికే ముందు దండం పెట్టాలి.

కథ చెప్పుకుంటే రెండు ముక్కలు. ఒక కుటుంబం కొత్తగా ఒక ఇంట్లో దిగుతుంది, ఆ ఇంట్లో ముందే ఏదో ఉంది, అది కూతురిని పట్టుకుంటుంది. అయినా ఇన్నేళ్ల తరవాత కూడా నాకు వెన్నులో చలి పుడుతుందంటే కారణం కెమెరా. మామూలు సినిమాలో కెమెరా మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. ఇందులో చాలాచోట్ల అది నేలబారున వస్తుంది, గడప దాటుతుంది, మెట్లెక్కుతుంది. చూస్తున్నది మనం కాదనీ, అదేననీ అర్థమయ్యేసరికి ఆలస్యమైపోతుంది. 1981లో వచ్చిన 'ఈవిల్ డెడ్'లో శామ్ రైమీ అడవిలో పరుగెత్తించిన కెమెరాను వర్మ మన నట్టింట్లోకి తెచ్చాడు. అడవిలోకి వెళ్లకుండా ఉంటే సరిపోతుంది. ఇంట్లోకి వెళ్లకుండా ఎట్లా?

పిల్లికూన సీను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆ ఇంటి పిల్లాడు పెంచుకునే పిల్లికూన కారు కింద పడి చచ్చిపోతుంది. పెద్దవాళ్లు దాన్ని పాతిపెడతారు. తరవాత పిల్లాడు తన పిల్లి దొరికిందని సంతోషపడతాడు. వాడికి అది సంబరం, పాతిపెట్టిన వాళ్లకు మాత్రం గుండె ఆగినంత పని. రక్తం లేదు, కేక లేదు, ఒక పిల్లాడి నవ్వుతోనే భయపెట్టాడు. ఇంత తెలివైన సీను మన భాషలో ఇంకోటి చూపించమంటే నేను చూపించలేను.

ఒకసారి మాట లేకుండా చూశాను, ఇంకోసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాను. శబ్దం తీసేస్తే బెదురు సగం పోతుంది. కళ్లు మూసుకుంటే పెరుగుతుంది. నేపథ్య సంగీతం మణిశర్మది, అప్పటికి ఆ పేరు జనానికి తెలియదు. ఆ తరవాత ఆయన ఎన్ని పాటలకు మెలొడీ కట్టినా, నాకు మాత్రం ఆయన 'రాత్రి' మనిషే.

నవంబర్ 4, సోమవారం

అదే ఊపులో వర్మదే 'దెయ్యం' (1996). జె.డి.చక్రవర్తి, మహేశ్వరి, జయసుధ. ఊరికి దూరంగా, స్మశానం దాపున ఇల్లు. 'రాత్రి' అంత నేర్పు ఇందులో లేదు, మొరటుగా కొడుతుంది. జయసుధ కోసం చూడొచ్చు. మనం అమ్మలా, అక్కలా నమ్మే ముఖం ఒక్కసారి మారిపోతే ఎట్లుంటుందో చూడాలి. ఐదులో చేరదు.

నవంబర్ 8, శుక్రవారం

అంగడికి వచ్చిన పెద్దావిడ బ్లౌజు కొలతలిస్తూ 'తులసీదళం' మాట ఎత్తింది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ సీరియల్ వచ్చే రోజుల్లో మా అమ్మ ఆ పత్రికను బీరువా పైన దాచేది, పిల్లల కంట పడకుండా. మాకు కథ తెలియకముందే కాష్మోరా అన్న పేరు తెలుసు. చీకట్లో బావి దగ్గరికి పోవాలంటే ఆ పేరే అడ్డం. 'తులసీదళం' కొనసాగింపు 'తులసి' నవలను 1986లో 'కాష్మోరా'గా సినిమా తీశారు. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ ఉన్నారు. పుస్తకం పెట్టిన భయంలో పావువంతు కూడా తెర మీదికి రాలేదు. చదివేటప్పుడు మనమే ఊహించుకున్న దానికి ఏ మేకప్పూ సాటి రాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా రాసుకోవాలి. నాకు భయం ఇష్టం, చేతబడి మీద నమ్మకం లేదు. బాణామతి చేసిందనే నెపంతో ఒంటరి ఆడవాళ్లను, ముసలివాళ్లను కొట్టి చంపిన ఊళ్లు తెలుగుదేశంలో ఉన్నాయి. తెర మీద భయపడి ఇంటికొచ్చి పక్కింటి అవ్వను అనుమానించే మనిషి ఈ సినిమాలు చూడకపోవడమే మేలు.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. గుడి నుంచి వచ్చేసరికి హార్సిలీ కొండ మీద మంచు దిగి ఉంది. మా పెద్దలు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు.

ఈ రాత్రి సౌందర్యది. పుంగనూరు దాటి హద్దు అవతలికి పోతే ముళబాగిలు. ఆ పక్క పిల్ల. అందుకే మా వైపు ఆమెను పరాయి హీరోయిన్‌గా ఎవరూ చూడలేదు. ముందు 'అమ్మోరు' పెట్టాను. 1995, కోడి రామకృష్ణ, నిర్మాత ఎం.శ్యాంప్రసాద్ రెడ్డి. ఇది దెయ్యం సినిమా కాదని కొందరంటారు. విలన్ రామిరెడ్డి కళ్లు చూసినవాళ్లు ఆ మాట అనరు. పైగా మా సీమలో గంగమ్మ జాతర చూసి పెరిగినవాళ్లకు అమ్మవారంటే భక్తి ఎంతో భయమూ అంతే. బోయకొండ గంగమ్మ దగ్గర పూనకం వచ్చిన ఆడమనిషి పక్కన నిలబడినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, అదే సమయంలో చేతులు జోడించుకుంటాం. ఆ రెండూ ఒకేసారి కలిగించిన సినిమా ఇదే. చిన్నపిల్ల రూపంలో పనిపిల్లగా ఇంట్లో చేరిన అమ్మోరు, కాపాడేదైనా సరే, ఆ ఇంట్లో ఉందని తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

తరవాత 'ఆప్తమిత్ర', కన్నడం. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు దగ్గర విమానం కూలి సౌందర్య పోయింది. అదే ఏడాది ఆగస్టులో ఈ సినిమా విడుదలైంది. లేని మనిషి తెర మీద ఇంకో లేని మనిషిగా మారడం చూస్తూ, మొదటిసారి నేను భయపడ్డానో ఏడ్చానో నాకే తెలియలేదు. ఇప్పుడు కూడా ఆమె చేసిన గంగ, చచ్చిపోయిన నర్తకి నాగవల్లిగా మారే సీనులో చేతిలో సూది అట్లే ఆగిపోయింది.

ఈ కథ వంశం గురించి నా మేనకోడలికి తప్పక చెప్పాలి. మూలం మలయాళం 'మణిచిత్రతాళ్', 1993, ఫాజిల్ తీశాడు, శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. పి.వాసు దాన్నే కన్నడంలో 'ఆప్తమిత్ర'గా, 2005లో రజనీకాంత్, జ్యోతికలతో తమిళంలో 'చంద్రముఖి'గా తీశాడు. ఇప్పుడు గమనించాల్సింది ఇది: మలయాళం సినిమాలో ఆ నర్తకి తంజావూరుది, తమిళం మాట్లాడుతుంది. కన్నడంలో, తమిళంలో ఆమె తెలుగు మనిషి. తమిళ చంద్రముఖి తెలుగులో పాడుతుంది. తెలుగు డబ్బింగులోకి వచ్చేసరికి తమిళంలో పాడుతుంది. అంటే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం, పక్కింటి భాషలో మాట్లాడే దెయ్యాన్ని పెట్టుకుంది. ఇంట్లో కోడలు ఉన్నట్టుండి పరాయి భాషలో కసిరితే ఆ ఇంటివాళ్లకు అర్థం కాదు, అదే భయం.

మా సంగతి వేరు. కుప్పంలో తమిళం వీధి భాష, మదనపల్లె సంతలో కన్నడం వినపడని రోజుండదు. మా అత్తగారిది కృష్ణగిరి వైపు, కోపమొస్తే తమిళమే. కాబట్టి ఆ దెయ్యం ఏ భాషలో బెదిరించినా ప్రతి ముక్కా మాకు తెలుస్తుంది. ఆమెకు జరిగిన అన్యాయం తెలుస్తుంది, ఎందుకంత పగో తెలుస్తుంది. అర్థం కాని దెయ్యం కంటే అర్థమైన దెయ్యం నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది.

నవంబర్ 20, బుధవారం

2012లో రవిబాబు 'అవును' తీశాడు. పూర్ణ. కొత్త కాపురం, కొత్త ఇల్లు, కనపడని మగ దెయ్యం. స్నానాల గదిలో కూడా ఎవరో చూస్తున్నారన్న భయం ప్రతి ఆడపిల్లకూ తెలిసిందే, దాన్ని పట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడు 'ప్రేమకథా చిత్రమ్' ఆడింది. ఇక వరసగా 'గీతాంజలి', 'రాజు గారి గది', 'ఆనందో బ్రహ్మ'. అందరూ నవ్వారు, డబ్బులొచ్చాయి. దెయ్యం మాత్రం కమెడియన్లకు పని కల్పించే మనిషైపోయింది. నాకు అది బాధ.

నవంబర్ 24, ఆదివారం

'అరుంధతి' మధ్యాహ్నమే చూశాను, పగలు కూడా భయపెడుతుందా లేదా అని. పెట్టింది. 2009 సంక్రాంతికి వచ్చింది, మళ్లీ కోడి రామకృష్ణే, మళ్లీ శ్యాంప్రసాద్ రెడ్డే. అనుష్క నిలబడిన తీరు గురించి అందరూ రాశారు. నేను గొంతు గురించి రాస్తాను. పశుపతిగా సోనూ సూద్ ఒళ్లు చూపించాడు, ప్రాణం పోసింది రవిశంకర్ డబ్బింగు. సమాధి లోపలి నుంచి వచ్చే ఆ పిలుపులో కోపం కంటే ఆశ ఎక్కువ, అదే ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. సినిమాలోని బంగళా బనగానపల్లెలోని నవాబుగారిది. ఇప్పుడు దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తున్నారు.

రాత్రికి 'మసూద' (2022). దర్శకుడు సాయికిరణ్. భర్తను వదిలి కూతురితో బతుకుతున్న టీచరుగా సంగీత, పక్క ఫ్లాటులో పిరికి కుర్రాడిగా తిరువీర్. హీరో భయపడతాడు, పారిపోవాలనుకుంటాడు, అయినా ఆ తల్లిని వదిలి పోలేడు. దెయ్యం సినిమాలో నాకు కావలసింది అదే మనిషితనం. కూతురు నాజియాగా చేసిన బాంధవి శ్రీధర్ చూపు ఒక్కటే చాలు. పాటల కోసం, నవ్వుల కోసం కథ ఎక్కడా పక్కకు పోలేదు.

'విరూపాక్ష' (2023) కూడా మంచిదే. అందులో నాకు అన్నిటికంటే భయంకరంగా తోచింది మొదట్లోనే ఊరంతా కలిసి ఒక జంటను బతికుండగా తగలబెట్టడం. 'పొలిమేర' రెండు భాగాలూ చూశాను, కామాక్షి భాస్కర్ల బాగా చేసింది.

నవంబర్ 30, శనివారం

అమావాస్య. ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటుతోందని టీవీలో చెప్తున్నారు. ఇక్కడ ముసురు. కరెంటు పోయి వస్తోంది, ఫోన్ చార్జింగు ఉండగానే 'తుంబాడ్' చూసేశాను. 2018 నాటి హిందీ సినిమా, కథంతా ఆగని వానలో జరుగుతుంది. మొన్న సెప్టెంబరులో మళ్లీ విడుదలైతే మొదటిసారికంటే ఎక్కువ వసూలు చేసింది. మంచి భయానికి జనం ఇంకా డబ్బులిస్తారని నాకు ధైర్యమొచ్చింది. అడిగింది మన పక్కవి కాబట్టి ఇది లెక్కకు బయట.

ఇదిగో తల్లీ, నీ ఐదు. అన్నిటికంటే పైన 'రాత్రి'. దాని వెనక 'ఆప్తమిత్ర', నీ రూములో కన్నడం పిల్లలున్నారు కాబట్టి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకో, నాగవల్లి మాటలు వాళ్లకు నువ్వే చెప్పు. తరవాత 'మసూద', 'అరుంధతి', 'అమ్మోరు'. 'రాత్రి' చూసేటప్పుడు మాత్రం లైటార్పండి, ఫోన్లు పక్కన పెట్టండి, శబ్దం తగ్గించొద్దు, మధ్యలో ఆపొద్దు.