సోలాపూర్ నుంచి తాన్‌సేన్‌కు, బండి మీద

పోయిన కార్తీకంల మా ఆయన, నేను పాత బండి మీద నేపాల్ పోయొచ్చినం. బీడీలు చుట్టి దాచుకున్న పైసలే ఖర్చు. 'ఈ వయసుల ఇదేం పిచ్చి' అన్నడు కొడుకు.

ఆరో రోజు సునౌలీ సరిహద్దు చేరినం. మనవాళ్లకు ఓటరు కార్డు చాలు; బండికి మాత్రం భన్సార్ చీటీ తీసుకోవాలె, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు డబ్బు కట్టాలె. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకున్నం.

బుత్వల్ దాటినంక అంతా ఘాటే. ముప్పై ఏండ్లు సాంచాల మోతలో పనిచేసి మా ఆయన చెవులు పోయినయి. వెనక లారీ హారన్ కొడితే నేను భుజం తట్టాలె: పక్కకు జరగడానికి ఒకసారి, ఆపడానికి రెండుసార్లు. ఒక మలుపుకాడ కొండలు చూసుకుంట మర్చిపోయిన. లారీ నా మోకాలు పక్కనుంచే పోయింది. గంటసేపు ఇద్దరం మొఖాలు చూసుకోలేదు.

పాల్పా జిల్లాల తాన్‌సేన్ ఢాకా బట్టకు పేరు. నేపాలీలు పెట్టుకునే టోపీ దాంతోనే కుడతరు. ఒకామె చెయ్యి మగ్గం మీద నేస్తుంటే ఈయన అడగకుండనే పోయి మగ్గం కట్టె మీద చెయ్యి పెట్టిండు. 'దెబ్బ చేతికి తెలుస్తది' అన్నడు. ఆమెకు మన మాట రాదు, ఈయనకు ఆమె మాట వినపడదు. అంతల పోగు తెగితే ఈయనే అతికిండు. ఆమె నవ్వి చాయ పోసింది.

టోపీ ఒకటి కొన్నం. ఇప్పుడు బజారుకు పోయినా అది పెట్టుకునే పోతుండు.