హైటెక్ సిటీ దారిలో మన పిల్లల చదువు



హైదరాబాదుకు పడమటి దిక్కున మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అను ఊళ్ళు ఒకప్పుడు బండరాళ్ళకు, చెరువులకు పేరు. నగరవాసులు సెలవు రోజున శిల్పారామం చూచుటకో, దుర్గం చెరువు గట్టున కూర్చుండుటకో అటు పోయేవారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ అనే పది అంతస్తుల గుండ్రని భవనాన్ని ప్రారంభించారు. అప్పటినుండి ఆ ప్రాంతపు రూపు మారిపోయింది. నేడు దానిని హైటెక్ సిటీ అనీ, సైబరాబాద్ అనీ పిలుస్తున్నారు. మన గ్రామాల నుండి వెళ్ళిన పిల్లలు ఎందరో అక్కడ పని చేస్తున్నారు. కొందరు కంప్యూటర్ల ముందు, కొందరు గేట్ల దగ్గర కాపలా, కొందరు కార్లు నడుపుతూ.

గత వేసవిలో మా సంఘములోని ఇంటర్మీడియట్ పిల్లలను ఆరుగురిని, వారి తలిదండ్రులలో నలుగురిని వెంటబెట్టుకొని మేము అక్కడికి వెళ్ళాము. అమీర్‌పేటలో మెట్రో రైలు ఎక్కితే యూసఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి దాటి హైటెక్ సిటీ స్టేషను వస్తుంది. ఈ రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, అదే ఏడు నవంబరులో రాయదుర్గం వరకు వచ్చింది. పైనుండి చూస్తే ఇరుప్రక్కల అద్దాల మేడలు, వాటి మధ్య అక్కడక్కడ ఇంకా పగులగొట్టని పాత బండలు కనబడినవి. పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. మాతో వచ్చిన ఒక తల్లి, “అయ్యగారూ, ఇన్ని మేడల్లో మన పిల్లకు ఒక్క కుర్చీ దొరకదా?” అని అడిగింది. ఆమె కుమార్తె ఇంటర్‌లో సి.ఇ.సి. చదివింది. ఇంజనీరింగు కాదు, వ్యాపార నిర్వహణ చదవాలని ఆ పిల్ల కోరిక.

మన సంఘాలలో ఇంజనీరింగు, నర్సింగు, బి.ఇడి. తప్ప వేరొక దారి తెలిసినవారు తక్కువ. వ్యాపారము అనగానే మోసమని తలచే పెద్దలు కూడ ఉన్నారు. అయితే మిర్చి యార్డులో ధర ఎందుకు పడిపోయిందో, పొదుపు సంఘం లెక్కలు ఎక్కడ తప్పినవో తెలిసిన మనిషి ఊరిలో ఒక్కరుంటే ఎంత మేలు! అందుచేత ఆ పిల్ల కోరికను మేము తేలికగా తీసుకొనలేదు.

ఏ గేటు ఎవరికి?

గచ్చిబౌలిలో మొదట హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గేటు చూచాము. ఇది 1974లో ఏర్పడింది. ఇక్కడ మేనేజ్‌మెంట్ విభాగమున్నది గాని, దాని ప్రధానమైన చదువు ఎం.బి.ఏ. అంటే డిగ్రీ అయిన తరువాత. తరువాత ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మీదుగా వెళ్ళాము. 2001లో మొదలైన ఈ సంస్థకు ప్రపంచమంతట పేరున్నది. దానికి ఆ పేరు తెచ్చిన కోర్సు డిగ్రీ ముగించి కొన్నేళ్ళు ఉద్యోగము చేసినవారి కొరకు. తలిదండ్రులారా, ఈ తేడా గమనించండి. పేరు విని గేటు దగ్గరకు వెళ్ళి నిరాశపడువారు అనేకులు.

మరి ఇంటర్ ముగించిన పిల్లలకు దారులేవి? మేము విచారించి తెలుసుకొన్నవి చెప్పుచున్నాము.

మొదటిది బి.బి.ఏ. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుండి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. ఇంటర్ మార్కులు, రిజర్వేషను, పిల్లలు వ్రాసుకొన్న కళాశాలల వరుస, ఈ మూడింటిని బట్టి సీటు వస్తుంది. ఆ వరుస వ్రాయుటలోనే అనేకులు పొరబడతారు. రాదేమోనని భయపడి మంచి కళాశాలను క్రింద వ్రాయకండి. నిజముగా కోరినదే పైన వ్రాయండి. 1887లో స్థాపించిన నిజాం కళాశాల వంటి చోట్ల పోటీ ఎక్కువ. కొన్ని కళాశాలలు స్వయంగా చేర్చుకొంటాయి. అక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే కాగితం మీద అడిగి తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పిల్లలకు ఆ రాష్ట్రపు ఆన్‌లైన్ పద్ధతి వేరుగా ఉన్నది.

రెండవది ఐ.ఐ.ఎం.ల ఐదేళ్ళ చదువు. 2011లో ఇండోర్ ఐ.ఐ.ఎం. దీనిని మొదలుపెట్టింది. ఆ తరువాత రోహ్‌తక్, రాంచీ, జమ్ము, బోధ్‌గయ కూడ చేర్చుకొన్నవి. ఇంటర్ తోనే లోపలికి పోయి, ఎం.బి.ఏ.తో బయటికి రావచ్చును. ఇండోర్ ప్రవేశ పరీక్షలో లెక్కలు, ఇంగ్లీషు ఉంటాయి, తరువాత ఇంటర్వ్యూ. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఇంగ్లీషు దగ్గరే. ఇంటి వద్ద రోజూ అరగంట ఇంగ్లీషు వార్తాపత్రిక బిగ్గరగా చదివించుటకు డబ్బు ఖర్చు లేదు.

మూడవది 2022 నుండి జరుగుచున్న క్యూయెట్ పరీక్ష. కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఇదే ద్వారము. ఢిల్లీ విశ్వవిద్యాలయపు బి.ఎం.ఎస్. వంటి కోర్సులకు గణితము తప్పనిసరి. ఈ మాట చెప్పగానే మాతో వచ్చిన పిల్ల ముఖం చిన్నబోయింది. సి.ఇ.సి.లో గణితము లేదు. ఎం.ఇ.సి. తీసుకొని యుంటే ఆ ద్వారము తెరిచియుండేది. పదవ తరగతి పిల్లలున్న తలిదండ్రులారా, ఈ ఒక్క సంగతి మరువకండి. గ్రూపు ఎన్నుకొనేనాడే సగం దారి నిర్ణయమవుతుంది.

ఖర్చు, సర్టిఫికెట్టు

గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉన్నది. కొన్ని ఐ.ఐ.ఎం.లలో ఐదేళ్ళ ఖర్చు ముప్పయి లక్షలు దాటుతుంది. భయపడి పొలం అమ్మనక్కరలేదు. 2024 నవంబరులో కేంద్రము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము క్రింద ఇటువంటి సంస్థలలో చేరినవారికి తనఖా గాని, హామీదారు గాని లేకుండ బ్యాంకు అప్పు దొరుకుతుంది. కాని అప్పు అప్పే. చదువు ముగిసిన తరువాత అది పిల్ల జీతములో నుండి పోవలసినదే. చేరకముందే ఆ లెక్క పిల్లతో కలిసి వేయండి.

మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీ వారు మమ్మును ఆపి, పరీక్ష లేకుండ సీటు ఇప్పిస్తాము, అడ్వాన్సు కట్టండి అన్నారు. ఒక తండ్రి జేబులో చెయ్యి పెట్టాడు. మేము రసీదు మీద కళాశాల ముద్ర ఉంటుందా అని అడిగాము. జవాబు రాలేదు. బయటికి వచ్చేశాము.

కులధ్రువీకరణ విషయము చెప్పుట కష్టమే గాని చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారము హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్.సి. హోదా. క్రైస్తవులైన ఎస్.సి. కుటుంబాల వారు మన రెండు రాష్ట్రాలలో బి.సి.-సి. క్రిందికి వస్తారు. ఇది న్యాయమా అని సుప్రీంకోర్టులో ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడుస్తున్నాయి. మన బాధ నిజమైనదే. అయినను పిల్లవాని మొదటి కాగితము మీదనే అబద్ధము వ్రాయించకండి. అది ఐదేళ్ళ తరువాత, ఉద్యోగము వచ్చిన నాడు బయటపడితే వాని బ్రదుకే కూలిపోతుంది. కేంద్ర సంస్థలకు ఓ.బి.సి. నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్టు వేరొక నమూనాలో కావాలి. అది పరీక్షకు ముందే తీసుకోండి.

ఆ పిల్ల ప్రస్తుతము నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో బి.బి.ఏ. చదువుచున్నది. ఐ.ఐ.ఎం. కాదు. అయినను తల్లి సంతోషముగానే ఉన్నది. హాస్టలు ఖర్చు నెలనెలా కాపీ పుస్తకములో వ్రాసి ఇంటికి పంపుతుందట. బి.బి.ఏ. తరువాత క్యాట్ వ్రాసి ఎం.బి.ఏ.లో చేరుటకు దారి తెరిచేయున్నది.

సంఘ కాపరులారా, ప్రతి సంఘములో చదువుకొన్న యౌవనులు ఇద్దరు కలిసి, ఫలితాలు వచ్చిన వారములో ఒక సాయంకాలము కూర్చుండి పిల్లల దరఖాస్తులు నింపి పెట్టవచ్చును. దీనికి చందా అక్కరలేదు. ఒక ఫోను, కొంచెము ఓపిక చాలును. మన పిల్లలు ఏ గేటులోనికి పోయినను నమ్మకముగా నడుచుకొనునట్లు దేవుడు వారికి తోడైయుండును గాక.