తప్పు ఏ వరుసలో ఉంది?

శ్రీహరికోటకు పోయే దారిలో, సూళ్ళూరుపేటలో మేం డిగ్రీ పిల్లలకు జావా చెబుతాం. మేమంటే ఇద్దరం. ఇద్దరమూ సాయిబులమే. కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చునే పిల్లలకు మొదటి పాఠాలు మావి.

జావా అనగానే పిల్లలు నవ్వుతారు. ఇంట్లో తాగే రాగిజావ గుర్తొస్తుంది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు తెచ్చిన ఈ భాషకు జావా దీవి కాఫీని బట్టి ఆ పేరొచ్చిందని చెబుతాం. ఆ దీవిలో ఎక్కువమంది ముసల్మానులేనని చెబుతాం. అల్గారిథమ్ అనే మాట తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టిందనీ, ఆయన ఒక పుస్తకం రాసింది మన భారతీయ అంకెల మీదేననీ చెబుతాం. మా పిల్లల మొహాల్లో చిన్న వెలుగు. ఎంత చిన్న మాటకు వెలుగుతారో! చరిత్ర పుస్తకంలో తమ పేర్లు దండయాత్రల దగ్గరే చూసుకున్న పిల్లలు మరి.

మా క్లాసులో షేకులు, పఠాన్లు, దూదేకుల పిల్లలు ఉన్నారు. మాల మాదిగల పిల్లలున్నారు. పులికాట్ జాలర్ల పిల్లలున్నారు. రాకెట్ కేంద్రం కోసం దీవిలోంచి లేచిపోయిన యానాదుల మనవలున్నారు. మావాళ్ళకు ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, మిషన్ మీద ఇంగ్లీషు. మూడు భాషలు దాటుకుని మొదటి ప్రోగ్రాం రాస్తారు.

ఆ ప్రోగ్రాం నడవదు. ఎవరిదీ నడవదు. ఒకరు సెమికోలన్ మరిచిపోతారు. ఒకరు స్ట్రింగ్ అనే మాటను చిన్న ఎస్‌తో రాస్తారు. 'కెనాట్ ఫైండ్ సింబల్' అంటుంది మిషన్. నువ్వు రాసిన ఈ పేరు నాకు తెలీదు పో, అని దానర్థం.

అప్పుడు చూడాలి పిల్లల్ని. ఒక కుర్రాడికి పదమూడు తప్పులొస్తే పక్కవాడి వీపు మీద చరిచి నవ్వుతాడు. మళ్ళీ మొదలుపెడతాడు. వాడి వెనక బెంచీలో ఒక షేకుల పిల్ల. ఒక్క తప్పు కనబడగానే తెరకు చెయ్యి అడ్డం పెట్టేసుకుంటుంది.

"ఎందుకమ్మా దాచుకుంటావు?" అనడిగాం.

"మీవాళ్ళకు ఇవన్నీ ఎందుకంటారు సార్" అంది.

ఆ కుర్రాడి తప్పు వాడిదే. ఈ పిల్ల తప్పు మాత్రం ఆమె దగ్గర ఆగదు. ఆమె ఇంటికి పోతుంది, గల్లీకి పోతుంది, మసీదు దాకా పోతుంది.

మిషన్‌కు ఆ బుద్ధి లేదు. తప్పు ఏ వరుసలో కనబడిందో ఆ వరుస నంబరు చెబుతుంది. ఆ వరుస దిద్దుకోమంటుంది. ఏడో వరుసలో తప్పుంటే మిగిలిన వరుసలన్నీ దొంగలే అనదు. మనుషులు మాకు ఆ మాత్రం న్యాయం చేశారా? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చినవాళ్ళు నమాజుకు వచ్చినవాళ్ళు. తర్వాత పోలీసులు పట్టుకెళ్ళిందీ ముస్లిం యువకుల్నే. వాళ్ళలో ఎందరినో కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. అప్పటికి చదువులు పోయాయి, పనులు పోయాయి. వరుస నంబరు చూడకుండా పేరు చూస్తే జరిగేది అదే.

2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతమే. 2007 నాటి చట్టంతో మన రాష్ట్రంలో వెనకబడిన ముస్లిం తెగలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దాన్ని పట్టుకుని మా పిల్లలు కొందరు కాలేజీ మెట్టెక్కారు. ఎక్కాక తెలిసింది, ఎప్పుడు జారతారా అని చూసే కళ్ళు చాలా ఉన్నాయని.

ఇంకో రకం మనుషులున్నారు. వాళ్ళు మంచివాళ్ళు. "మీ కలాం గారిని చూడండి, ఆయనలా చదవండి" అంటారు. రాకెట్ మంట మిద్దెల మీంచి కనబడే ఊళ్ళో ఈ మాట మాకు రోజూ వినబడేదే. కలాం గారంటే మాకూ ప్రాణమే. కానీ ఆయన గెలుపే చెబుతారు. ఆయన ఓటమి ఎందుకు చెప్పరు?

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వి-3 బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారే. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ పత్రికలవాళ్ళ ముందుకొచ్చి బాధ్యత తనదన్నారు. 1980 జులై 18న అదే రాకెట్టు రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ధావన్ పక్కకు తప్పుకుని కలాంను మాట్లాడమన్నారు. ఈ సంగతి కలాం గారే ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. రాకెట్టు సముద్రంలో పడిన రోజున "మీవాళ్ళకు ఇవన్నీ ఎందుకు" అన్నవాళ్ళ మాటే చెల్లి ఉంటే, ఈరోజు మాకు చూపించడానికి కలాం ఉండేవాడా?

అందుకే ఇప్పుడు మా క్లాసులో మొదటిరోజు పాఠం వేరు. నడిచే ప్రోగ్రాం అందరికీ ఇస్తాం. అందులోంచి ఒక సెమికోలన్ తీసెయ్యమంటాం. వచ్చిన తప్పును పైకి చదవమంటాం. షేకుల పిల్ల, యానాది పిల్లాడు, రెడ్లబ్బాయి, అందరూ చదవాలి. మొదట గొంతులు లేవవు. నాలుగోవాడు చదివేసరికి నవ్వులు మొదలవుతాయి. తప్పు అందరిదీ అయ్యాక దాచుకోవాల్సిన పని ఉండదు.

మా పిల్లలందరూ కలాంలు కారు. ఎవరి పిల్లలు మాత్రం అందరూ అవుతారు? ఒకరు బ్యాంకులో గుమాస్తా కావచ్చు, ఒకరు చెన్నైలో మామూలు ప్రోగ్రామర్ కావచ్చు, ఒకరు తప్పి మళ్ళీ పరీక్ష రాయచ్చు. ఈ దేశంలో బతకడానికి మేం మహాత్ములమే కానక్కర్లేదు. మా తప్పుకు వరుస నంబరు వేయండి చాలు. దిద్దుకోవడం మాకు తెలుసు.